పోటీ లేని నామినేషన్‌తో పార్టీకి బలం రాదు

2024 ఆగస్టు 20 రాత్రి షికాగోలోని యునైటెడ్ సెంటర్‌లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ రోల్ కాల్, అంటే రాష్ట్రాలవారీ ఓట్ల ప్రకటన, జరిగింది. డీజే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పాట వేస్తుంటే ఆ రాష్ట్ర డెలిగేట్లు (పార్టీ ప్రతినిధులు) లేచి, తమ ఓట్లు కమలా హారిస్‌కేనని మైకులో ప్రకటించారు. జార్జియా వంతు వచ్చేసరికి ర్యాపర్ లిల్ జాన్ పాడుకుంటూ వచ్చాడు. హాలు ఊగిపోయింది. కానీ ఆ రాత్రి అక్కడ ఎవరూ ఎవరినీ ఎన్నుకోలేదు. అసలు ఓటింగ్ ఆగస్టు 1 నుంచి 5 వరకు ఆన్‌లైన్‌లోనే పూర్తయింది. అందులో అర్హత పొందిన అభ్యర్థి ఒక్కరే.

ప్రైమరీల్లో, కాకస్‌లలో, అంటే పార్టీ అభ్యర్థి కోసం రాష్ట్రాల్లో జరిగే ఎన్నికల్లో, సభల్లో, జనం వేసిన ఓట్లను బట్టి డెలిగేట్లు వస్తారని, మహాసభలో అభ్యర్థిని అధికారికంగా ఎంపిక చేసేది వాళ్లేనని అమెరికా ఎన్నికలు గమనించేవారికి తెలుసు. మామూలు ఏడాదిలో అది లాంఛనం. 2024 మామూలు ఏడాది కాదు. బైడెన్ దాదాపు 3,900 మంది డెలిగేట్లను గెలుచుకుని, జూలై 21న పోటీ నుంచి తప్పుకున్నారు. డెలిగేట్లు తమను ఎన్నుకున్నవారి మనోభావాన్ని మనస్సాక్షిగా ప్రతిబింబించాలన్నదే డెమోక్రటిక్ నిబంధన. బైడెన్ ఫలానావారికి ఓటేయమని కోరగలరు గానీ, ఆదేశించలేరు. స్థానిక కార్యకర్తలు, యూనియన్ నాయకులు, నగర కౌన్సిల్ సభ్యులు, టీచర్లు ఉన్న ఆ బృందం చేతికి దశాబ్దాల తర్వాత నిజమైన నిర్ణయాధికారం వచ్చింది.

దాన్ని వాళ్లు ఒకటిన్నర రోజు కూడా అట్టేపెట్టుకోలేదు. మర్నాడు రాత్రికే, అసోసియేటెడ్ ప్రెస్ లెక్క ప్రకారం, మెజారిటీకి అవసరమైన 1,976 మంది మద్దతును హారిస్ దాటేశారు. ఆన్‌లైన్ ఓటింగ్‌లో పేరుండాలంటే 300 మంది డెలిగేట్ల సంతకాలు కావాలి, ఒకే రాష్ట్రం నుంచి 50కి మించకూడదు. అదేమంత కష్టమైన షరతు కాదు. గవర్నర్లలో, సెనేటర్లలో ఆశావహులకు కొదవ లేదు. అయినా గట్టి నాయకుడెవరూ బరిలోకి దిగలేదు. ఒక్క చర్చ లేదు. అభ్యర్థిని నిలబెట్టి గాజా మీద, ధరల మీద, సరిహద్దు మీద నీ మాటేమిటని అడిగిన డెలిగేషన్ లేదు. 2020 పోటీ నుంచి తొలి ఓటు పడకముందే, 2019 డిసెంబరులోనే, తప్పుకున్న నాయకురాలు ఈసారీ అధ్యక్ష పదవికి ఒక్క ప్రైమరీ గెలవకుండా నామినీ అయ్యారు. ఆమె సమర్థత మీద నాకు అనుమానం లేదు. ఆ సమర్థతను సొంత పార్టీవాళ్ల ముందు నిరూపించుకునే అవకాశం ఆమెకు ఇవ్వలేదనే నా బాధ. నవంబరులో ఫలితం: ట్రంప్‌కు 312, హారిస్‌కు 226 ఎలక్టోరల్ ఓట్లు.

టైం లేదన్నది అవతలివారి వాదన. ఒహాయో రాష్ట్రంలో అభ్యర్థి పేరు బ్యాలెట్‌లో చేర్చే గడువు ముంచుకొస్తోంది, బైడెన్ ప్రచార నిధులు హారిస్‌కైతేనే సులువుగా బదిలీ అవుతాయి, కొట్లాటకు దిగితే 1968 మళ్లీ వస్తుంది అన్నారు. గడువును ఒహాయో శాసనసభ అప్పటికే పొడిగించింది. కొత్త చట్టం సెప్టెంబరు 1న గానీ అమల్లోకి రాదన్న భయం న్యాయమైనదే అనుకున్నా, బైడెన్ తప్పుకున్న నాటి నుంచి ఓటింగ్ మొదలయ్యేదాకా పది రోజులున్నాయి. రెండు టీవీ చర్చలకు అవి చాలు.

1968 సంగతే అసలు చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని తలకిందులుగా చదువుతున్నారు. ఆ ఏడాది షికాగో వీధుల్లో పోలీసు లాఠీలు విరిగింది పోటీ ఎక్కువై కాదు. ప్రైమరీల్లో వియత్నాం యుద్ధ వ్యతిరేకులైన సెనేటర్లు యూజీన్ మెకార్తీకి, రాబర్ట్ కెనెడీకి జనం ఓట్లేశారు. జూన్‌లో కెనెడీ హత్యకు గురయ్యాడు. ఆగస్టులో, ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని ఉపాధ్యక్షుడు హంఫ్రీకి పార్టీ పెద్దలు నామినేషన్ కట్టబెట్టారు. తలుపులు మూసేశారు కాబట్టే బయట మంటలు లేచాయి. ఆ తప్పు దిద్దుకోవడానికే మెక్‌గవర్న్–ఫ్రేజర్ కమిషన్ వేసి, ఈ డెలిగేట్ల నిబంధనలన్నీ తిరగరాశారు.

పోటీ పార్టీని చంపదనడానికి 1976లో కాన్సాస్ సిటీలో జరిగిన రిపబ్లికన్ మహాసభ చాలు. అధ్యక్ష పదవిలో ఉన్న ఫోర్డ్‌ను రీగన్ మహాసభ దాకా లాగి, డెలిగేట్లను ఒక్కొక్కరిగా బతిమాలించాడు. లెక్క ఫోర్డ్‌కు 1,187, రీగన్‌కు 1,070. ఆ వేసవిలో డెమోక్రటిక్ అభ్యర్థి కార్టర్ కన్నా ముప్పై పాయింట్లకు పైగా వెనకబడి ఉన్న ఫోర్డ్, చివరికి రెండు శాతం తేడాతోనే ఓడాడు. ఓడిన రీగన్ నాలుగేళ్లకు అధ్యక్షుడయ్యాడు.

ఇది మనకెందుకంటారా? ఏకగ్రీవమే ఐక్యత అన్న భ్రమ మన రాజకీయాల్ని ఇంతకన్నా ఎక్కువ తినేసింది కాబట్టి. 1978–83 మధ్య ఉమ్మడి రాష్ట్రానికి ఢిల్లీ నలుగురు కాంగ్రెస్ ముఖ్యమంత్రుల్ని మార్చి పంపింది. 1983లో జనం ఏం చేశారో తెలిసిందే. అయినా అలవాటు పోలేదు. 2023 డిసెంబరు 4న హైదరాబాద్‌లో సమావేశమైన కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తమ నాయకుణ్ణి తాము ఎన్నుకోలేదు, ఆ నిర్ణయాన్ని ఖర్గేకు వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం చేశారు. లక్షల ఓట్లతో గెలిచొచ్చినవాళ్లకు సొంత నాయకుణ్ణి ఎంచుకునే ఓటు లేకపోవడం ఎంత అవమానం! ప్రాంతీయ పార్టీల్లో అధ్యక్ష పదవి కుటుంబం గడప దాటితే వార్త. చిత్రమేమిటంటే అదే కాంగ్రెస్ 2022 అక్టోబరులో తొమ్మిది వేల మందికి పైగా డెలిగేట్లతో రహస్య బ్యాలెట్ పెట్టింది. ఖర్గేకు 7,897, శశిథరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి. పార్టీ చీలలేదు. థరూర్‌ను మరుసటి ఏడాది వర్కింగ్ కమిటీలోకి తీసుకున్నారు కూడా.

2028కి డెమోక్రాట్లు ఒక నిబంధన రాసుకోవాలి: గెలిచిన అభ్యర్థి మధ్యలో తప్పుకుంటే, 300 సంతకాలు తెచ్చిన ప్రతి ఒక్కరూ డెలిగేట్ల ముందు బహిరంగ చర్చలో కూర్చోవాలి, ఆ చర్చ ముగిసేదాకా ఓటింగ్ తెరవకూడదు. మన పార్టీలకైతే అంత కూడా అక్కర్లేదు. శాసనసభా పక్షం సమావేశంలో ఒక బ్యాలెట్ పెట్టె పెట్టి, ఎమ్మెల్యేల ముందే ఓట్లు లెక్కిస్తే చాలు.