ఒక్కరి డైటింగ్‌తో బరువు నిలవదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు ఇళ్లలో బరువు తగ్గడమంటే చాలాచోట్ల ఒకటే పద్ధతి: ఇంట్లో ఒకరికి వేరుగా చపాతీలు కాలుస్తారు. మిగతావాళ్లకు మామూలుగానే అన్నం, వేపుడు, అప్పడం. ఆ ఒక్కరూ రెండు మూడు నెలలు నోరు కట్టుకుని ఐదారు కిలోలు తగ్గుతారు. ఈలోగా మార్గశిర గురువారాల పిండివంటలో, పెళ్లిళ్ల సీజనో వస్తుంది. ఏడాది తిరిగేసరికి మళ్లీ పాత బరువే. చుట్టాలు మాత్రం "నోరు కట్టుకోలేకపోయావు" అనేస్తారు. అది చాలా అన్యాయమైన మాట. బరువు తగ్గిన శరీరం తన శక్తి ఖర్చును తగ్గించుకుంటుంది, ఆకలిని పెంచుతుంది. రోజూ వేపుడు వాసన వచ్చే ఇంట్లో ఆ ఆకలితో ఒక్కరే ఎంతకాలం పోరాడగలరు? మారాల్సింది ఇంటి వంట.

నూనెతో మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. నలుగురున్న ఇంటికి నెలకు ఐదు లీటర్ల డబ్బా వస్తుందనుకుందాం. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, సుమారు 340 కేలరీలు. కూర్చుని పనిచేసేవారికి 20 నుంచి 25 గ్రాములు చాలని భారత వైద్య పరిశోధన మండలి ఏనాడో చెప్పింది. సాయంత్రం బండి దగ్గర తినే బరా (వడ), పకోడీ ఈ లెక్కలోకి రానేలేదు.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. నెలకు మూడు లీటర్లే తెచ్చి, పొద్దున్నే వంద మిల్లీలీటర్లు చిన్న గిన్నెలో కొలిచి స్టవ్ పక్కన పెట్టుకోవాలి. ఆ రోజు వంటంతా అందులోనే. పూరీలు చేస్తే గిన్నె పదకొండింటికే ఖాళీ అవుతుంది, ఇక ఆ పూట పప్పుచారు, ఉడకబెట్టిన కూర. ఎవరూ ఎవరికీ నీతులు చెప్పక్కర్లేదు.

చోళ్ల (రాగుల) గురించి ఒక మాట. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలైన ఏడు జిల్లాల్లో గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి ఉన్నాయి. మనది చోళ్లు పండే నేల. కానీ చోళ్లు తింటే చాలు సన్నబడతామనుకోవడం పొరపాటు. వంద గ్రాముల చోడిపిండిలో సుమారు 320 కేలరీలు ఉంటాయి, బియ్యంతో పోలిస్తే పెద్ద తేడా లేదు. అంబలి మేలు చేసేది పలచగా ఉండి, పీచుతో కడుపు నింపుతుంది కాబట్టి. అదే పిండితో నెయ్యి, బెల్లం వేసి లడ్డూలు చుడితే ఆ లాభం పోయినట్టే. పఖాళ అన్నం (నీళ్లలో నానబెట్టిన అన్నం) మీద కూడా ఊరికే నింద వేస్తారు. అసలు బరువు దాని పక్కన నంజుకునే వేపుళ్లది.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు కుదిరిపోతుందన్న ప్రచారం చాలామందిని నిరాశపరుస్తోంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పితే కొంపేం మునగలేదు కూడా. కాబట్టి పెళ్లి భోజనం తిన్న మర్నాడు "ఎలాగూ పోయిందిలే" అని వదిలేయకుండా మళ్లీ గిన్నె కొలుచుకోవచ్చు.

నడక వారానికి 150 నిమిషాలు ఉండాలి. మన ఎండలకు వేసవిలో అది ఆరు గంటలకు ముందే అయిపోవాలి, కుదరకపోతే రాత్రి భోజనం తర్వాత వీధి చివరిదాకా వెళ్లిరావడమైనా మంచిదే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇల్లాలి సంగతి. అందరికీ వడ్డించి, పదింటికి చివర తింటుంది. మిగిలిన అన్నం, కూర పారేయడానికి చేతులు రాక తనే తినేస్తుంది. నడుము కొలత మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదంటారు. ఆమె కొలత పెరిగితే తిండిపోతు అనేముందు, బియ్యం ఎన్ని గ్లాసులు పోస్తున్నారో చూడండి. ఎనిమిదింటికి ఆమెతో సహా అందరూ ఒకేసారి కూర్చుంటే, గిన్నెలో మిగిలింది ఆమె వంతు కాదు, రేపటి పఖాళ అవుతుంది.