ఓడిపోయేవాడు కూడా నమ్మాలి కదా!

ఎన్నికల్లో నిలబడ్డ నాయకుల గురించి జడ్జీలు బయట మాట్లాడొచ్చా? మాట్లాడకూడదు అంటాను నేను. తిట్టకూడదు, పొగడకూడదు కూడా. మనకి నచ్చనివాణ్ణి తిట్టినా అంతే, మనం ఓటేసేవాణ్ణి పొగిడినా అంతే. ఆ పొగడ్త గురించి చెప్పడానికే ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నాను. ఎందుకంటే జడ్జి తిడితే అందరూ గొడవ చేస్తారు, పొగిడితే మాత్రం సభలో చప్పట్లు మోగుతాయి.

తిట్టినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. నేనూ కొట్టాను. 2016 జులైలో అమెరికా సుప్రీంకోర్టు జడ్జి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ వరసగా మూడు ఇంటర్వ్యూలిచ్చారు. అప్పటికి ఆవిడకి 83 ఏళ్లు. జడ్జి కాకముందు ఆడవాళ్ల హక్కుల కోసం అదే కోర్టులో ఆరు కేసులు వాదించి ఐదు గెలిచిన మనిషి. ఆవిడంటే నాకు ప్రాణం. ట్రంప్ ప్రెసిడెంట్ అయితే దేశం ఏమైపోతుందో ఊహించుకోలేకపోతున్నానని ఒక పత్రికతో అన్నారు. తర్వాత ఒక ఛానల్‌తో మాట్లాడుతూ అతనొక నకిలీ మనిషి, నోటికేది తోస్తే అది మాట్లాడతాడు అన్నారు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు బయటపెట్టకుండా ఎలా తప్పించుకోగలుగుతున్నాడని కూడా అడిగారు. అది చదివి నేను ఎంత సంతోషపడ్డానో! తెలిసినవాళ్లందరికీ ఆ లింకు పంపాను.

వారం తిరక్కముందే, జులై 14న, ఆవిడే ఒక ప్రకటన ఇచ్చారు. ఆ మాటలు అనకుండా ఉండాల్సింది, అన్నందుకు చింతిస్తున్నాను, పదవికి పోటీ చేసేవాళ్ల మీద జడ్జీలు వ్యాఖ్యలు చేయకూడదు అని. ఆవిడ అలా మాట్లాడకూడదన్న ట్రంప్ మాటే ఈ ఒక్క విషయంలో రైటని న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాసింది. నాకు ఆ పత్రిక మీద ఒళ్లు మండింది. ఉన్నమాట అన్నందుకు ఆవిడెందుకు తగ్గాలి అనుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత ఏం జరిగిందో చూడండి. ట్రంప్ లెక్కల పత్రాలు, టాక్స్ రిటర్నులు న్యూయార్క్ ప్రాసిక్యూటర్‌కి ఇవ్వాలా వద్దా అనే కేసు తిరిగి తిరిగి అదే సుప్రీంకోర్టుకి వచ్చింది. 2016లో ఆవిడ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నే దాదాపుగా కేసు ఫైలై, ఆవిడ బల్ల మీదకే వచ్చింది. 2020 జులై 9న తీర్పు. ప్రెసిడెంట్ అయినంత మాత్రాన ఇవ్వననడానికి వీల్లేదని 7-2 తేడాతో చెప్పారు. ఆ ఏడుగురిలో ట్రంప్ నియమించిన ఇద్దరు జడ్జీలున్నారు, గిన్స్‌బర్గూ ఉన్నారు. తీర్పు సరైనదేనని నా నమ్మకం. ఆవిడ ఓటు తీసేసి లెక్కపెట్టినా ఫలితం మారదు. కానీ అంతకు కొన్ని నెలల ముందే, ఫిబ్రవరిలో ట్రంప్ ఢిల్లీ వచ్చినప్పుడు, తనకి సంబంధించిన కేసుల నుంచి గిన్స్‌బర్గ్ తప్పుకోవాలని ప్రెస్ మీట్‌లో అన్నాడు. అతన్ని నేను ఏనాడూ సమర్థించలేదు. అయినా ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచే నా ఆలోచన మారింది.

మారడానికి ఇంకో కారణం మా నాన్న. మాకు చాలా ఏళ్లు ఒక ఆస్తి కేసు నడిచింది. ఒక వాయిదాకి నన్ను కూడా తీసుకెళ్లారు. బెంచీ మీద కూర్చున్నాం. మా కేసు పిలిచే ముందు జడ్జి గారు అవతలి పార్టీ లాయరు వైపు చూసి నవ్వి ఏదో అడిగారు. ఆయన కూడా నవ్వి చెయ్యి ఊపారు. పది సెకన్లు కూడా పట్టలేదు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగారేమో, పిల్ల పెళ్లి గురించేమో. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, అంతే. తర్వాత కేసు ఓడిపోయాం. తీర్పు కాపీ తెచ్చుకుని నేను పూర్తిగా చదివాను, మా కాగితాల్లోనే లోపం ఉంది, ఎవరు జడ్జిగా ఉన్నా అలాగే రాసేవారు. నాన్నకి ఎన్నిసార్లు చెప్పానో. ఆయన పోయేవరకు ఒక్కటే మాట, "నవ్వాడమ్మా, నేను చూశానుగా."

కోర్టు ఎవరికోసం అని ఎప్పుడైనా ఆలోచించారా? గెలిచినవాడికి ఏ జడ్జి అయినా ధర్మప్రభువే. ఓడిపోయినవాడు ఇంటికెళ్లి, సరే నాకు న్యాయంగానే చెప్పారు అనుకోగలగాలి. ఆ నమ్మకం ఒక్కటే కోర్టుకున్న బలం. దాని దగ్గర సైన్యం లేదు, ఖజానా తాళాలు లేవు. కాగితం మీద రాసిస్తారు, మనమంతా వింటాం. పది సెకన్ల నవ్వుకే మా నాన్న జీవితాంతం నమ్మకం పోగొట్టుకుంటే, జడ్జి మైకు ముందు ఒక నాయకుణ్ణి తిట్టాకో ఆకాశానికెత్తాకో అవతలి పార్టీని నమ్మిన కోట్లమంది మాటేమిటి?

ఇక మన దేశం సంగతికొద్దాం. ఇక్కడ తిట్ల కంటే పొగడ్తలతోనే నాకు ఎక్కువ బాధ. 1980 జనవరిలో ఇందిరాగాంధీ మళ్లీ గెలిచాక సుప్రీంకోర్టు సిట్టింగ్ జడ్జి పి.ఎన్. భగవతి ఆవిడని అభినందిస్తూ ఉత్తరం రాశారు. పేదవాడి పోస్టుకార్డు ముక్కని కూడా పిటిషన్‌గా తీసుకునే పద్ధతికి దారి వేసిన పెద్దమనిషి ఆయన. అంతటివాడు ఆ ఉత్తరం రాయడమేమిటని అప్పుడే గొడవైంది, ఆయన తోటి జడ్జి తుల్జాపూర్కరే బహిరంగంగా తప్పుపట్టారు. నలభై ఏళ్ల తర్వాత, 2020 ఫిబ్రవరిలో, అంతర్జాతీయ న్యాయ సదస్సు వేదిక మీద ప్రధాని మోదీ ఎదురుగా సిట్టింగ్ జడ్జి అరుణ్ మిశ్రా ఆయన్ని బహుముఖ ప్రజ్ఞాశాలి అని, ప్రపంచం మెచ్చిన దార్శనికుడని పొగిడారు. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ దాన్ని తప్పుపడుతూ తీర్మానం చేసింది. పార్టీ మారింది, దండ మాత్రం అదే.

రాజ్యాంగం మూడో షెడ్యూల్లో జడ్జీల ప్రమాణం ఒకసారి చదవండి. భయం గానీ పక్షపాతం గానీ, రాగం గానీ ద్వేషం గానీ లేకుండా అని ఉంటుంది. ద్వేషం ఎంత తప్పో రాగమూ అంతే తప్పని రాసినవాళ్లకి తెలుసు. 1997 మే 7న సుప్రీంకోర్టు జడ్జీలంతా కూర్చుని 16 సూత్రాలు రాసుకున్నారు. రాజకీయ విషయాల మీద జడ్జి బహిరంగంగా అభిప్రాయం చెప్పకూడదు, తీర్పులే మాట్లాడాలి, మీడియాకి ఇంటర్వ్యూలివ్వకూడదు అని అందులోనే ఉంది. వాళ్లు తమ చేత్తో రాసుకున్న మాటే ఇది. తప్పితే శిక్ష ఏమీ లేదు, అందుకే ఇలా తయారైంది.

"జడ్జీ మనిషే కదా, అభిప్రాయం ఎలాగూ ఉంటుంది, దాచుకోవడం కంటే చెప్పేస్తే నయం కదా" అని నా ఫ్రెండొకరు వాదిస్తారు. చాలాకాలం నేనూ ఇదే నిజాయితీ అనుకున్నాను. కానీ ఒకసారి ఆలోచించండి, మనసులో ఉన్న అభిప్రాయం కాగితాలు చదివాక మారొచ్చు. పదిమందిలో అనేసిన మాటని మార్చుకోవడం ఎంత కష్టమో మనందరికీ అనుభవమే. ఇంట్లో చిన్న గొడవలోనే అన్నమాట వెనక్కి తీసుకోలేక తంటాలు పడతాం. జడ్జి ఆ స్థితిలోకి తనంతట తాను వెళ్లకూడదు. పైగా మన దగ్గర ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నిక చెల్లదని ఎవరైనా కేసు వెయ్యాలంటే నేరుగా హైకోర్టులోనే వెయ్యాలి. అంటే నామినేషన్ వేసిన ప్రతివాడూ రేపు ఆ జడ్జి ముందు నిలబడే అవకాశం ఉంది.

మరి నిజంగా దేశానికి ప్రమాదం వస్తే? అప్పుడు కూడా నోరు మూసుకోవాలా? అక్కర్లేదు, తీర్పులో మాట్లాడొచ్చు. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో, జైల్లో పెట్టినవాళ్లు కోర్టుకి వచ్చే హక్కు కూడా లేదని సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు ఒప్పుకుంటే, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదని రాశారు. మర్నాటి నుంచి ఏ సభలోనూ ఇందిరాగాంధీని తిట్టాల్సిన పని ఆయనకి రాలేదు, రాసిన కాగితమే చాలింది. దానికి చీఫ్ జస్టిస్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. 1977 జనవరిలో జూనియర్‌కి ఇస్తే రాజీనామా చేసి వెళ్లిపోయారు. ధైర్యం అంటే నాకు అదీ.

రాజీనామా చేసి రాజకీయాల్లోకి వెళ్లేవాళ్ల మీద కూడా నాకు కోపమే, అయితే అది వేరే పోస్టు. ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. మన కోకా సుబ్బారావు గారు 1967లో చీఫ్ జస్టిస్ పదవి నుంచి నేరుగా రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. అంతకు రెండు నెలల ముందే, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తీసేయలేదని చెప్పిన గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు. అంత గొప్ప తీర్పుని కూడా అనుమానంగా చూసే సందు ఆయనే ఇచ్చినట్టయింది. ఆ మధ్య కలకత్తా హైకోర్టులో కేసు నడుస్తుండగానే టీవీలో కూర్చుని మాట్లాడిన జడ్జి అభిజిత్ గంగోపాధ్యాయ్ 2024 మార్చి 5న రాజీనామా చేసి 7న బీజేపీలో చేరారు. మధ్యలో ఒక్క రోజు.

ఇవన్నీ చదువుతున్నప్పుడు నాకు 1975 మార్చి నాటి అలహాబాద్ హైకోర్టు హాలు గుర్తొస్తుంది. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ చేతిలో ఓడిపోయిన రాజ్ నారాయణ్ వేసిన ఎలక్షన్ పిటిషన్‌లో సాక్ష్యం చెప్పడానికి దేశ ప్రధాని స్వయంగా వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ముందే చెప్పారు, కోర్టులో జడ్జి వచ్చినప్పుడే లేవడం ఆనవాయితీ, సాక్షి వస్తే ఎవరూ లేవక్కర్లేదని. ఆవిడకి మర్యాదగా కుర్చీ వేయించారు. అంతే, అటు ఎక్కువ లేదు ఇటు తక్కువ లేదు. జూన్ 12న తీర్పు చెప్పినప్పుడు కూడా ఆరోపణలన్నీ నెత్తికెత్తుకోలేదు, రుజువైన రెండింటి మీదే ఎన్నిక రద్దు చేసి, మిగతావి కొట్టేశారు. దేశం తలకిందులైంది ఆ తీర్పుతో. ఆయన ఇందిరాగాంధీని ఇష్టపడేవారా, అసహ్యించుకునేవారా, ఏ గుర్తు మీద ఓటేసేవారు అని నేను చాలా వెతికి చూశాను. ఆయన నోటి నుంచి ఒక్క ముక్క దొరకలేదు.