సీవీలో నాన్న పేరు ఉంటుంది, చేసిన పని ఉండదు

సరిచూడమని నాకు పంపే సీవీల్లో చాలావరకు ఒకేలా ఉంటాయి. పైన పాస్‌పోర్ట్ సైజ్ ఫొటో, దాని కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, కొన్నిట్లో పాస్‌పోర్ట్ నంబర్ కూడా. చివర్లో పై వివరాలన్నీ నిజమేనని ఒక డిక్లరేషన్, స్థలం, తేదీ, సంతకం. బీటెక్ ఫైనలియర్‌లో కాలేజీ ఇచ్చిన ఫార్మాట్‌నే మన పిల్లలు బర్మింగ్‌హామ్‌కీ డాలస్‌కీ పట్టుకెళ్తున్నారు. ఇందులో వాళ్ల తప్పేం లేదు, వేరే రకం ఒకటి ఉంటుందని ఎవరూ చూపించలేదు.

బ్రిటన్‌లో 2010 నాటి ఈక్వాలిటీ చట్టం, అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం, 1967లో వయసు వివక్ష మీద వచ్చిన చట్టం ఉన్నాయి కాబట్టి అక్కడి హెచ్‌ఆర్ వాళ్లు చాలా జాగ్రత్తగా ఉంటారు. వయసు చూసో మతం చూసో పక్కన పెట్టారని రేపు ఎవరైనా కేసు వేస్తే? అందుకే ఆ వివరాలు అసలు తమ కంట పడకపోవడమే మేలనుకుంటారు. తీసేయండి. పాస్‌పోర్ట్ నంబర్‌ని అయితే ముందు తీసేయండి, అది ఎవరి చేతుల్లో పడుతుందో తెలీదు.

మార్కుల సంగతీ అంతే. మన దగ్గర 65 శాతం వస్తే ఫస్ట్ క్లాస్, బ్రిటన్‌లో ఫస్ట్ 70 దగ్గర మొదలవుతుంది, కాబట్టి ఫస్ట్ క్లాస్ అని రాసి పక్కన 65 వేస్తే చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. సీజీపీఏ 8.1 అని వదిలేయకుండా పదికి 8.1 అని రాయాలి, అమెరికాలో లెక్క నాలుగుకి కదా. 04/07 అంటే లండన్‌లో జులై, న్యూయార్క్‌లో ఏప్రిల్, అందుకని నెల పేరు అక్షరాల్లో ఉండాలి. అమెరికాలో ఫ్రెషర్‌కి ఒక పేజీ, బ్రిటన్‌లో రెండు పేజీలు చాలు.

ఇవన్నీ ఒక పూటలో సరిచేసుకోవచ్చు. కష్టమంతా మధ్యలో ఉంది. 'టెస్టింగ్ బాధ్యతలు చూశాను' అని రాస్తారు. బాధ్యత కంపెనీ ఇచ్చింది, సరే, మీరేం చేశారు? రోజూ చేత్తో చేసే టెస్టుల్ని సెలీనియం అనే టెస్టింగ్ టూల్‌తో ఆటోమేట్ చేశానని, ఆరు గంటల పని గంటలోపు తెమిలిందని రాస్తే ఎదుటి మనిషికి ఏదో కనిపిస్తుంది. ఇలా అడిగితే చాలామంది 'అది టీమ్ మొత్తం చేసింది కదండీ' అంటారు. 'నేను చేశాను' అంటే గొప్పలు పోవడమని ఇంట్లో, బళ్లో విని పెరిగాం కాబట్టి ఆ మాట నోటికి రాదు. కానీ ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో సీవీ చదివేవాళ్లు వెతికేది సరిగ్గా దాన్నే, టీమ్‌లో మీ వంతు ఏమిటన్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం గొప్ప చెప్పుకోవడం కాదు.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ చేస్తూ, స్టూడెంట్ వీసా అనుమతించే వారానికి 20 గంటలూ సూపర్‌మార్కెట్‌లోనో గోదాములోనో పనిచేసిన పిల్లలు ఆ పనిని సీవీలో దాచేస్తున్నారు. నామోషీ. బంధువులకు తెలిస్తే ఏమనుకుంటారోనని భయం. మరి దాని స్థానంలో ఏం పెడుతున్నారు? ఎన్నడూ చేయని రెండేళ్ల జావా ప్రాజెక్టు! రాత్రి షిఫ్టులో పనిచేసి పొద్దున క్లాసుకి వెళ్లడం, కోపంగా ఉన్న కస్టమర్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడి ఒప్పించడం, ఏడాదిపాటు ఒకే చోట నిలబడి పనిచేయడం, ఇవన్నీ అక్కడి యజమానులు విలువ ఇచ్చే అనుభవాలు. రాయండి. తల ఎత్తుకుని రాయండి.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అమెరికాలో ఇంకా ఎక్కువ. చదువయ్యాక అక్కడే కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనే అనుమతి మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు, ఆ టెన్షన్‌లో ఉన్న పిల్లవాడికి కన్సల్టెన్సీ వాళ్లు ఏడేళ్ల అనుభవం అతికించి పంపిస్తారు. ఇంటర్వ్యూ ఎలాగోలా గట్టెక్కినా బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. అదీ దాటినా, కొన్నేళ్ల తర్వాత గ్రీన్ కార్డు కోసం పాత యజమానుల నుంచి అనుభవ పత్రాలు తేవాల్సి వస్తే అప్పుడేం చేస్తారు? ఇమిగ్రేషన్ కాగితాల్లో అబద్ధం పెట్టి దొరికితే ఆ దేశంలోకి మళ్లీ అడుగుపెట్టడమే కష్టమవుతుంది. అప్పులు చేసి పంపిన తల్లిదండ్రులకు ఈ విషయం ఎవరూ చెప్పడం లేదు.

ఇక కవరింగ్ లెటర్. మనకు బళ్లో నేర్పింది లీవ్ లెటర్ ఒక్కటే, దయచేసి మన్నించి అనుమతి ఇవ్వగలరని. ఆ బతిమాలే గొంతే ఉద్యోగం లెటర్లోకీ వస్తోంది. అవకాశం ఇస్తే కష్టపడి పనిచేస్తాననే మాట ఎవరైనా రాస్తారు. ప్రకటనలో వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైన రెండు మూడు తీసుకుని, ఒక్కోదానికీ మీరు చేసిన ఒక పని చూపించండి, ఆ కంపెనీయే ఎందుకో ఒకట్రెండు వాక్యాల్లో చెప్పండి, ఒక పేజీ దాటనివ్వకండి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగాల్లో ఇది మరీ ముఖ్యం. ప్రతి ప్రకటనతో పాటు తప్పనిసరి అర్హతలు, ఉంటే మంచి అర్హతలు అని జాబితా ఇస్తారు, షార్ట్‌లిస్ట్ చేసేవాళ్లు దాన్ని పక్కన పెట్టుకునే మీ దరఖాస్తు చదువుతారు. మన నర్సులు, డాక్టర్లు చాలామంది ఆ జాబితా తెరవకుండానే ఒకటే లెటర్ అన్ని ఆసుపత్రులకూ పంపేస్తున్నారు. చాట్‌జీపీటీతో రాయించి మార్చకుండా పంపినా జరిగేది అదే, వందమంది లెటర్లూ ఒకే గొంతుతో ఉంటాయి.

వీసా సంగతి చివరి పేరాలో ఒక్క వాక్యంలో సూటిగా చెప్పండి, ఇప్పుడున్న వీసా ఏది, ఎప్పటివరకు, వీసాకి కంపెనీ స్పాన్సర్ చేయాలా అని. బ్రిటన్‌లో ఏయే సంస్థలకు స్పాన్సర్ లైసెన్స్ ఉందో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. లెటర్ రాయడానికి కూర్చునే ముందే కంపెనీ పేరు అందులో ఉందో లేదో చూసుకోండి.