వేరుశనగ వేరులో మన నెత్తుటి చుట్టం

వేరుశనగ మొక్కను పీకి, వేళ్లకున్న బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపునిచ్చే లెగ్‌హిమోగ్లోబిన్, మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఒకే వంశపు ప్రొటీన్లు. జీవపరిణామానికి రుజువు అడిగేవారికి శిలాజం కన్నా ముందు ఈ బుడిపెను చూపాలి.

ప్రొటీన్ గొలుసును కట్టే అమైనో ఆమ్లాల వరుసలను పోల్చి జీవుల బంధుత్వాన్ని లెక్కగట్టడం 1960ల నుంచీ ఉన్నదే. కాలం గడిచేకొద్దీ వరుస చెరిగిపోతుంది. తిమింగలం కండరంలో ఉండే, ఇదే వంశపు మయోగ్లోబిన్‌కూ లెగ్‌హిమోగ్లోబిన్‌కూ వరుసలో ఐదో వంతు కూడా కలవదు. అయినా 1958లో శాస్త్రవేత్త జాన్ కెండ్రూ బృందం మయోగ్లోబిన్‌లో చూసిన మడతే, అంటే గొలుసు ముడుచుకున్న ఆకారమే, మొక్క ప్రొటీన్‌లోనూ ఉంది. ఆక్సిజన్‌ను అంటిపెట్టుకునే ఇనుమును పట్టి ఉంచే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఆ మడతలో అదే చోట ఉంది. ప్రొటీన్ చేసే పని దాని మడత మీద ఆధారపడుతుంది కాబట్టి, పైభాగంలో మార్పులు చాలావరకు చెల్లుబాటవుతాయి, లోపల ఒదిగిన అమైనో ఆమ్లాలు మారితే మాత్రం ప్రొటీన్ నిలవడమే కష్టమవుతుంది.

ఇంకా అబ్బురపరిచేది బాతుల కథ. హిమాలయాల మీదుగా ఎగిరి శీతాకాలంలో భారతదేశానికి వచ్చే బార్‌హెడెడ్ గూస్ అనే బాతు హిమోగ్లోబిన్‌లో, దాన్ని కట్టే ఆల్ఫా, బీటా గొలుసుల్లో ఆల్ఫా గొలుసు 119వ స్థానం మారింది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల బాతులో బీటా గొలుసు 55వ స్థానం మారింది. వరుసలు మాత్రమే చదివేవారికి ఇవి సంబంధం లేని రెండు మార్పులు. నిర్మాణంలో చూస్తే ఆ రెండు స్థానాలూ ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. ఎటువైపు మారినా ఆ స్పర్శ సడలి, హిమోగ్లోబిన్ ఎత్తుల్లో పలచబడే ఆక్సిజన్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది. మానవ హిమోగ్లోబిన్‌లో ఇవే మార్పులు చేసి చూసిన శాస్త్రజ్ఞులకు 1991లో అదే ఫలితం వచ్చింది.

రూపం కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు, ఒకే అవసరం ఒకే ఆకారాన్ని రెండుసార్లు పుట్టించి ఉండవచ్చు అనేవారున్నారు. అలాగైతే మొక్క జన్యువును మధ్యలో తెగ్గొట్టే, ప్రొటీన్‌లోకి చేరని ముక్కలైన ఇంట్రాన్లు మూడింటిలో రెండు, జంతువుల్లోని ఇదే వంశపు (గ్లోబిన్) జన్యువుల్లో ఉన్న చోటనే ఎందుకున్నాయి? ఆకారానికి వాటితో పనిలేదు. అవి వారసత్వంగా వచ్చినవే.

ఇంత స్పష్టమైన సాక్ష్యం చేతిలో ఉండగా, 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి నుంచి జీవపరిణామాన్ని తొలగించడం అన్యాయం. పన్నెండో తరగతిలో ఉంది కదా అన్న సమాధానం, పది తర్వాత జీవశాస్త్రం వదిలేసే లక్షలాది పిల్లలకు వర్తించదు. 1971లో మొదలైన, ప్రొటీన్ నిర్మాణాలను భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో ఈ నిర్మాణాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. తొలగించిన పాఠాన్ని తిరిగి చేర్చి, వేరు బుడిపె బొమ్మ పక్కనే లెగ్‌హిమోగ్లోబిన్, హిమోగ్లోబిన్ అణువుల బొమ్మలనూ అచ్చువేయాలి.