గ్యాస్ సంగతి తర్వాత, ముందు శంకుస్థాపన

దక్షిణాసియాలో ఇంధన సహకారం లేదని వాపోయే నిరాశావాదులను చూస్తే జాలేస్తుంది. పొరుగు దేశాల నుంచి మనకు రావలసిన పైపులైన్లలో ఒక్కటైనా లీకయిందా? పేలిందా? వేయని పైపు ఇచ్చినంత భద్రత ఏ ఇంజినీరు ఇవ్వగలడు చెప్పండి.

టాపి గ్యాస్ పైపులైన్ సంగతే చూడండి. తుర్క్‌మెనిస్తాన్‌లో మొదలై అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ దాటుకుని మన పంజాబ్‌లోని ఫాజిల్కా దాకా 1,800 కిలోమీటర్ల పైచిలుకు పైపు. ఒప్పందం 2010లో, శంకుస్థాపన 2015లో (మన ఉపరాష్ట్రపతి కూడా వెళ్లొచ్చారు), గ్యాస్ 2019కి రావాలి. 2018లో అఫ్ఘాన్ భాగానికి ఇంకో ప్రారంభోత్సవం, 2024లో అక్కడి హెరాత్ నగరం దాకా వేసే ముక్కకి మరొకటి. పంపకాలు మాత్రం ఎప్పుడో తెగ్గొట్టేశారు, మనకీ పాకిస్తాన్‌కీ చెరో 42 శాతం, మిగతాది అఫ్ఘానిస్తాన్‌కి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎగతాళి చేసేవాళ్లకి దౌత్యం అంటే ఏంటో తెలీదు.

పాకిస్తాన్ మీదుగా మనకు రావలసిన ఇరాన్ పైపుకైతే 'శాంతి పైపులైన్' అని పేరు కూడా పెట్టుకున్నాం. తర్వాత ప్రశాంతంగా తప్పుకున్నాం. పాకిస్తాన్ 2013లో అట్టహాసంగా పని ప్రారంభించి, అమెరికా ఆంక్షల టెన్షన్‌తో అక్కడే ఆగిపోయింది.

అసలు ఘనత మయన్మార్‌ది. 2005 జనవరిలో మూడు దేశాల మంత్రులు యాంగాన్‌లో కూర్చుని, అరకాన్ తీరం గ్యాస్‌ని బంగ్లాదేశ్ మీదుగా మనకు తెద్దామని ఉమ్మడి ప్రకటన చేశారు. దానికి బంగ్లాదేశ్ మూడు అడిగింది: నేపాల్, భూటాన్‌లతో వర్తకానికి మన నేల మీదుగా దారి, అక్కడి జలవిద్యుత్తు తెచ్చుకునే వీలు, మనతో వాణిజ్య లోటు తగ్గించడం. నిజానికి గొంతెమ్మ కోరికలేం కావు. కానీ గ్యాస్ మాటల మధ్య కరెంటు మాటలేంటి, అవి విడిగా చూసుకుందాం అన్నాం. చూసుకుంటూ ఉండగా చైనా వచ్చింది, కొనేసింది, 2013 నుంచి ఆ గ్యాస్ మయన్మార్ తీరంలోని క్యౌక్‌ప్యూ దగ్గర పైపెక్కి చైనాలోని యునాన్‌కి పోతోంది.

అలాగని మనం ఖాళీగా కూర్చోలేదు. ఆ గ్యాస్ క్షేత్రంలో మన ప్రభుత్వ కంపెనీలు ఓఎన్‌జీసీ విదేశ్‌కీ గెయిల్‌కీ వాటాలున్నాయి. అంతేనా, చైనాకి వెళ్లే ఆ పైపులో కూడా ఉన్నాయి. పొరుగువాళ్లతో కలిసి పైపులైన్ వేయడం మనకు చేతకాదని ఎవరన్నారండీ, నిక్షేపంగా వేశాం, కాకపోతే అది మన వైపు తిరగలేదు.