సవరణ: వెర్దుగాదా వలయాలు పావడా పైనే

15వ శతాబ్దపు కాస్తీల్ (ఇప్పటి స్పెయిన్‌లోని ఒకప్పటి రాజ్యం) స్త్రీల దుస్తులను మళ్లీ కుట్టుకోవడం గురించిన గత పోస్టులో, వెర్దుగాదా అంటే పైకి కనబడని గట్టి లోపావడా అని ఉంది. ఆ వర్ణన 16వ శతాబ్దానికి సరిపోతుంది. 1470ల దుస్తులకు మాత్రం ఇలా చదువుకోండి: వలయాలు పావడా పైనే ఉంటాయి, నలుగురికీ కనబడాలనే ఉంటాయి. వేరే రంగు గుడ్డతో గొట్టాల్లాంటి పట్టీలు చుట్టూ కుట్టి, వాటిలో వంగే పుల్లలు దూర్చేవారు. బార్సిలోనాలోని కతలూన్యా జాతీయ కళా మ్యూజియంలో పెరె గార్సియా దె బెనబార్రే వేసిన హేరోదు విందు చిత్రం ఉంది. అందులో బైబిల్ కథలోని సలోమి పావడా చూస్తే ఇంక వాదన అక్కర్లేదు.

కాబట్టి గత పోస్టులోని లోపావడా కొలతలు పక్కన పెట్టేయండి. అసలు పావడానే కింద వెడల్పుగా కత్తిరించి, పట్టీలు దానిమీదే వేయాలి. బరువైన పట్టు అయితే పుల్లలు కాస్త దళసరివి తీసుకోండి, లేకపోతే వలయం కుంగిపోతుంది.

తలకు త్రాన్సాదో అని గత పోస్టులో ఉన్నది సరైనదే: నడినెత్తిని కప్పే కుళ్లాయి, వెనక జడను దాచే పొడవాటి గుడ్డ గొట్టం, దానిమీద అడ్డదిడ్డంగా చుట్టిన రిబ్బను. కాస్తీల్ రాజు అల్ఫోన్సో 10 కాలపు ఎత్తైన తలకట్టును మాత్రం దీనితో కలపకండి, అది రెండు శతాబ్దాల ముందుది.