కాన్‌స్టాన్స్ చెక్‌పోస్టు గారికి, ఆలస్యంగా ఒక అభినందన

అయ్యా,

స్విట్జర్లాండ్ సరిహద్దున ఉన్న జర్మన్ ఊళ్లో కాపలా కాస్తూ, అవతలి నుంచి వచ్చే ప్రతివాడి మూటా విప్పించి, బుట్టలు బోర్లించి, తమరు పడ్డ కష్టం ఊరికే పోలేదని చెప్పడానికే ఈ ఉత్తరం. తమరి పుణ్యాన, జర్మనీలో నిషేధించిన ఒక సోషలిస్టు పత్రిక పదకొండేళ్లు బతికింది.

గుర్తుందా? 1878లో మూడు వారాల తేడాతో ఇద్దరు వేర్వేరు మనుషులు జర్మన్ చక్రవర్తి మీద కాల్పులు జరిపారు. వాళ్లను సోషలిస్టు పార్టీ పంపిందనడానికి రుజువు లేదు. జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్ గారికి రుజువుతో పనేముంది, సందు దొరికితే చాలదూ! అక్టోబరుకల్లా చట్టం వచ్చేసింది. సోషలిస్టుల సంఘాలు బంద్, సభలు బంద్, పత్రికలు బంద్. ఎన్నికల్లో పోటీ మాత్రం చేసుకోవచ్చట. నోరు కుట్టేసి పాట పాడమన్నట్టు. (అదే ఏడు మార్చిలో మన దేశంలో వైస్రాయి లిట్టన్ దొర దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చాడు. దొరలందరికీ ఒకే ఏడాది ఒకే కల వచ్చినట్టుంది.)

1879 సెప్టెంబరు 28న సరిహద్దుకు అవతల, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఆ పార్టీ వారపత్రిక 'సోజియాల్‌డెమోక్రాట్' మొదలైంది. తొలి సంపాదకుడు ఫోల్‌మార్. 1881 నుంచి ఆ కుర్చీలో ఎడువార్డ్ బెర్న్‌స్టైన్ కూర్చున్నాడు. అంతకుముందు ఆయన బ్యాంకు గుమస్తా. అచ్చు వేయడం ఎంతసేపు! చదివేవాళ్లంతా తమరి గేటుకు ఇవతల ఉన్నారు, అదీ చిక్కు.

ఆ చిక్కు విప్పినవాడు యూలియస్ మోటెలర్. జనం ఆయన్ను ఎర్ర పోస్ట్‌మాస్టర్ అన్నారు. పల్చటి కాగితం మీద అచ్చేసిన కట్టలు రాత్రిళ్లు తమరి ముక్కు కింద నుంచే దాటేవి. దాటించినవాళ్లలో యోసెఫ్ బెల్లి అనే చెప్పులు కుట్టే ఆయన ఒకడు. చెప్పులు అరగడమంటే ఏమిటో ఆయనకు రెండు విధాలా తెలుసు.

అసలు సరసం ఆ తర్వాతే. జర్మనీలోకి వచ్చిన కట్టలు విప్పి, ఒక్కో ప్రతినీ మామూలు కవరులో పెట్టి, స్టాంపు అంటించి, వేర్వేరు ఊళ్ల డబ్బాల్లో వేసేవారు. అక్కణ్ణుంచి చక్రవర్తి గారి పోస్ట్‌మ్యానే గడపగడపకూ మోసుకెళ్లేవాడు! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తమరి ఇంటి దొంగ సాక్షాత్తూ తపాలా శాఖ.

పోలీసులు వేగుల్నీ దింపారు. మోటెలర్ మనుషులు వాళ్ల పేర్లు ఆరా తీసి 'ఇనుప ముసుగు' అనే శీర్షిక కింద పత్రికలోనే వేసేవారు. పాపం, ఆ వేగుల జీతం ఖజానాది, ప్రచారం మాత్రం ఉచితం.

1881 ఎన్నికల్లో పార్టీ ఓట్లు 4 లక్షల 37 వేల నుంచి 3 లక్షల 12 వేలకు పడ్డప్పుడు తమరు మీసం మెలేసే ఉంటారు. తొందరపడ్డారు. 1888లో బెర్లిన్ ఒత్తిడికి తలొగ్గి స్విస్ ప్రభుత్వం బెర్న్‌స్టైన్‌నూ మోటెలర్‌నూ మరో ఇద్దరినీ వెళ్లగొడితే, పత్రిక లండన్‌కు మకాం మార్చింది. 1890 ఫిబ్రవరిలో ఆ పార్టీకి 14 లక్షల 27 వేల ఓట్లు పడ్డాయి. ఓట్ల లెక్కలో దేశంలో అదే మొదటిది. పన్నెండేళ్ల కాపలా, మూడింతలకు పైగా దిగుబడి! ఏ రైతుకూ ఇంత పంట చేతికి రాలేదు.

మార్చిలో బిస్మార్క్ పదవి వదిలి ఇంటికెళ్లాడు. సెప్టెంబరు 30తో చట్టం గడువు తీరిపోయింది. దానికి మూడు రోజుల ముందు, 27న, పత్రిక తన చివరి సంచిక వేసి తనంతట తానే ఆగింది. తమరు చేయలేని పనిని అది ఒక్క వారంలో చేసుకుంది.

బెర్న్‌స్టైన్ మీద అరెస్టు వారంటు మాత్రం అలాగే ఉండిపోయింది. తన పత్రిక వారంవారం దాటిన సరిహద్దును తాను దాటడానికి ఆయనకు 1901 దాకా పట్టింది. ఆయన్నూ ఒక కవరులో పెట్టి, స్టాంపు అంటించి, ఏదో ఒక ఊరి డబ్బాలో వేసి ఉండాల్సింది.

ఇట్లు,
సుంకం కట్టని ఒక పాఠకుడు